లెంట్ ముందురోజు మంగళవారం: మన గోదావరి జిల్లాల్లో ఎవరైనా జరుపుతారా?

పాలకొల్లు_టీచరమ్మ (ఫిబ్రవరి 11, 2026)

అందరికీ వందనాలండి. మా పెద్దాడు కుటుంబంతో ఐర్లండ్‌లో ఉంటాడు. వచ్చే మంగళవారం, అంటే 17వ తేదీన, మనవరాలి బళ్లో పాన్‌కేకుల మంగళవారం చేస్తున్నారట. పాలూ గుడ్లూ మైదా కలిపి పల్చటి అట్లు పోసుకుని, మీద నిమ్మరసం పిండి పంచదార జల్లుకుని తింటారట. ఆ పిల్ల ఫోన్లో, "నానమ్మా, బుధవారం నుంచి ఉపవాసాలు కదా, మరి ముందురోజు ఈ తిండి గోలేంటి? మీరేం చేస్తారక్కడ?" అని అడిగింది. చదువు చెప్పి రిటైరైన దాన్ని, నా దగ్గర జవాబు లేదు.

నా పుట్టిల్లు లూథరన్ (ప్రొటెస్టెంటు సంఘం), అత్తిల్లు ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్. లెంట్ అంటే ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాస కాలం, తపస్సు కాలమనీ శ్రమకాలమనీ అంటాం. అది మొదలయ్యే బూడిద బుధవారం రెండుచోట్లా చూశాను గానీ మంగళవారం గురించి ఎవరూ మాట్లాడగా వినలేదు. ఆ రోజుకి క్రైస్తవ అర్థం ఏమన్నా ఉందా, ఉత్త తిండేనా? ఇంకోటి, మా వీధి ప్రార్థన గుంపులో కుర్రాళ్లు ఈసారి మంగళవారం సాయంత్రం మా పెరట్లో ఏదన్నా పెడదామంటున్నారు. పెట్టొచ్చా, పెడితే ఎలా పెట్టాలి? పెద్దలు చెప్పండి.

తణుకు_చికెన్_సెంటర్

అమ్మా, ముందు నేను చెబుతా. నేను క్రిస్టియన్ని కాదు గానీ మీ క్యాలెండర్ నాకు నోటికొచ్చు. కార్తీకం రేపనగా మా షాపు ముందు ఎంత క్యూ ఉంటుందో మీకు తెలుసు. అలాంటి క్యూయే కాస్త చిన్నది, ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఒక మంగళవారం వస్తుంది. మామూలుగా మంగళవారం మాకు బేరం డల్లు. ఆ ఒక్క మంగళవారం మాత్రం చర్చి పేట నుంచి వరసగా వస్తారు. కాబట్టి "ఎవరైనా జరుపుతారా" అంటే, జరుపుతున్నారండి బాబూ. ఎవరూ పేరు పెట్టలేదంతే.

కాకినాడ_పీజీ_కుర్రాడు

లెక్క ఎవరైనా చెప్పండి ప్లీజ్. 18 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ 4 దాకా లెక్కపెడితే 46 రోజులొస్తున్నాయి. 40 అంటారేంటి?

ఉపదేశిగారబ్బాయి

ఆదివారాలు తీసెయ్ తమ్ముడూ. ఆరు ఆదివారాలు పోతే సరిగ్గా నలభై. ఆదివారం ప్రభువు లేచిన రోజు కాబట్టి దాన్ని ఉపవాస దినంగా లెక్కెయ్యరు. యేసు అరణ్యంలో నలభై పగళ్లు, నలభై రాత్రులు ఉపవాసమున్నాడు కదా, దానికి జతగా పెట్టుకున్న లెక్క ఇది. ఈస్టర్ ఏటా మారుతుంది కాబట్టి మంగళవారం కూడా దానితోపాటే జరుగుతుంది. ఫిబ్రవరి 3కి ముందు రాదు, మార్చి 9 దాటదు.

ఇక టీచరమ్మ గారి ప్రశ్న. మా నాన్న గారు తాడేపల్లిగూడెం వైపు పల్లెల్లో చాలా ఏళ్లు ఉపదేశిగా, అంటే ఊళ్లో ప్రార్థన నడిపి వాక్యం బోధించేవాడిగా చేశారు. ఆయనకి ఈ మంగళవారం అంటే రెండే పనులు. ఒకటి పాపసంకీర్తనం, రెండు బుధవారం బూడిద కోసం మట్టలు కాల్చడం.

మొదటిదే అసలు అర్థమండీ. పాత కాలంలో ఐరోపాలో తపస్సు కాలం మొదలవకముందే గురువు దగ్గరకెళ్లి పాపాలు చెప్పుకుని, క్షమాపణ పొంది, ఏ ప్రాయశ్చిత్తం చెయ్యాలో అడిగి తెలుసుకునేవారు. నలభై రోజులు నువ్వేం చెయ్యాలో ఆ రోజే తేలుతుందన్నమాట. ఇంగ్లండులో ఆ రోజు జనాన్ని పిలవడానికి గుడి గంట కొట్టేవారు. ఓల్నీ అనే ఊళ్లో ఆడవాళ్లు పెనం పట్టుకుని అట్టు ఎగరేస్తూ పరిగెత్తే పందెం ఇప్పటికీ ఉంది. ఒకావిడ వంట మధ్యలో గంట వినపడి పెనంతో సహా గుడికి పరిగెత్తిందని, అది 1445లో జరిగిందని అక్కడివాళ్లు చెప్పుకునే కథ. నిజమో కాదో పక్కన పెట్టండి. ఆవిడ పరిగెత్తింది పాపసంకీర్తనానికి. ఇప్పుడు జనానికి పెనం గుర్తుంది, గంట ఎందుకు కొట్టారో గుర్తులేదు.

అట్లు ఎందుకంటే, అప్పట్లో మాంసమే కాదు, గుడ్లు, పాలు, వెన్న కూడా నిషేధం. ఫ్రిజ్‌లు లేవు. ఇంట్లో ఉన్నవి పాడైపోకుండా వాడెయ్యాలి. అన్నీ కలిపి పోస్తే అయ్యేది అట్టే కదా.

తణుకు_చికెన్_సెంటర్

మరి నలభై రోజులు కోళ్లు గుడ్లు పెట్టడం మానవు కదండీ? వాటికి లెంట్ తెలీదుగా. ఆ గుడ్లన్నీ ఏం చేసేవారు?

ఉపదేశిగారబ్బాయి

భలే పట్టుకున్నావు బాబాయ్. పోగయ్యేవి. ఉడకబెట్టి దాచేవారు, ఈస్టర్ రోజు పంచుకునేవారు. ఈస్టర్ గుడ్డు సంబరంలో సగం మీ కోళ్ల పుణ్యమే.

నర్సాపురం_సహోదరుడు

వందనాలు. బాధ పెట్టాలని కాదు గానీ సూటిగా చెబుతాను. లేఖనంలో లెంట్ లేదు, దాని ముందురోజు అసలే లేదు. కొలొస్సయులకు రాసిన పత్రిక 2:16 చూడండి. అన్నపానాల విషయంలో, పండగల విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చకూడదని ఉంది. 1836లో గ్రోవ్స్ గారితో వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరల కాలం నుంచి మా బ్రదరన్ సంఘాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తాం. మాకు వారంవారం ఈస్టరే. నలభై రోజులు పవిత్రంగా ఉంటామని చెప్పి, ముందురాత్రి కడుపు పగిలేలా తినడం ఏ ఆత్మీయత? గురువారం రాత్రి తాగి శుక్రవారం మాల వేసుకునేవాడికీ మనకీ తేడా ఏంటి?

అంతర్వేది_సీమన్

సహోదరుడు గారు అన్నది నేను కళ్లారా చూశాను. ఓడ గోవాలో ఆగినప్పుడు పంజిమ్‌లో కార్నివాల్. శనివారం మొదలై మంగళవారం దాకా. కింగ్ మోమో అని ఒకాయన కిరీటం పెట్టుకుని బండెక్కి, తినండి తాగండి కులకండి అని ఉత్తర్వు చదువుతాడు. రోడ్డంతా బళ్లు, బ్యాండు, బీరు. బుధవారం పొద్దున అదే వీధిలో గుడికెళ్లే జనం నుదుటి మీద బూడిద. ముందురాత్రి చిందులేసినవాళ్లు అందులో ఎంతమందో నేను చెప్పలేను. నాకైతే అది క్రైస్తవ పండగ అనిపించలేదు, టూరిజం అనిపించింది.

రాజమండ్రి_లూథరన్ (రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్)

సహోదరుడు గారి మాటకి మా సంఘంలోంచే జవాబు చెప్పొచ్చు, కానీ కాస్త పొడుగవుతుంది, భరించండి.

నలభై రోజుల కాలం కొత్తగా పుట్టిందేం కాదు. 325లో బిషప్పులు కూడిన నైసియా సభ పెట్టిన నిబంధనల్లో అయిదోదానిలోనే దాని ప్రస్తావన ఉంది. గొడవ కాలంతో రాలేదండీ, బలవంతంతో వచ్చింది. వెన్న తినాలంటే డబ్బు కట్టి అనుమతి తెచ్చుకునే రోజులవి. ఉన్నవాడు కొనుక్కుని తినేవాడు, లేనివాడు నూనెతో సరిపెట్టుకునేవాడు. 1520లో మా సంఘానికి మూలపురుషుడైన లూథర్ ఈ వ్యాపారం మీద గట్టిగానే విరుచుకుపడ్డాడు.

1522 లెంట్‌లో రెండు ఊళ్లలో రెండు సంగతులు జరిగాయి. జూరిక్‌లో ఫ్రోషౌవర్ అనే ముద్రాపకుడి ఇంట్లో పనివాళ్లు అలిసిపోయి సాసేజీలు తిన్నారు. అంటే మాంసం కూరిన గొట్టాలు. పెద్ద రగడైంది. ఆ ఊరి గురువు జ్వింగ్లీ అక్కడే ఉండి తను తినలేదు గానీ, తరవాత పీఠమెక్కి క్రైస్తవుడికి తిండి విషయంలో స్వేచ్ఛ ఉందని ప్రసంగించాడు. అదే నెలలో లూథర్ ఊరు విట్టెన్‌బర్గ్‌లో ఇంకో రకం రగడ. అక్కడ సంస్కరణ పేరుతో కొందరు పాత ఆచారాలన్నీ ఒక్క దెబ్బతో పీకెయ్యబోయారు. లూథర్ దాక్కున్న కోటలోంచి దిగొచ్చి, లెంట్ మొదటి ఆదివారం నుంచి వరసగా ఎనిమిది రోజులు ప్రసంగాలు చేశాడు. వాటి సారం: ఉపవాసం ఉండమని బలవంతం చెయ్యకు, మానమనీ బలవంతం చెయ్యకు, బలహీనుణ్ని చూసి నడుచుకో.

అందుకే మా దగ్గర శ్రమకాలం ఉంది, వారం మధ్యలో సాయంత్రం కూడికలు ఉన్నాయి, శుభ శుక్రవారం యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు ఉన్నాయి. మాంసం మానావా లేదా అని అడిగే అధికారం మాత్రం ఎవరికీ లేదు. సహోదరుడు గారు కొలొస్సయులు చూపించారు. రోమా 14:6 కూడా చదవాలి: దినాన్ని పాటించేవాడు ప్రభువు కోసమే పాటిస్తాడు. రెండు వచనాలూ పౌలువే.

కార్నివాల్ గురించి నాకు సీమన్ గారి అభిప్రాయమే. కానీ అక్కడ చెడిందని ఇక్కడ రోజునే కొట్టేయడం నాకు నచ్చదు. డెన్మార్కు, స్వీడన్ లూథరన్ దేశాలు. ఉపవాస నిబంధన పోయి దాదాపు అయిదొందల ఏళ్లైనా లెంట్ ముందు తినే తీపి బన్నులు మాత్రం మానలేదు. వాళ్లకి పండగ మిగిలింది, ఉపవాసం పోయింది. మనకి ఉపవాసం మిగిలింది, ముందురోజు పోయింది.

కువైట్_రాజోలు_చెల్లి

అన్నయ్యలకి, అక్కలకి వందనాలు. నేనిక్కడ ఇంటిపనిలో ఉన్నాను. మా గుడిలో ఆదివారం పూజ శుక్రవారమే పెడతారు, సెలవు ఆ రోజే కాబట్టి.

ఒక సంగతి చెబితే నమ్మరు. రంజాన్ రేపనగా ఇక్కడివాళ్లు గ్రైష్ అని చేస్తారు. అక్కచెల్లెళ్లు, కోడళ్లు అందరూ ఒక ఇంట్లో చేరి, వంటింట్లో మిగిలినవన్నీ బయటికి తీసి వండుకుని తింటారు. మేడమ్ గారు నన్ను కూడా కూర్చోబెట్టి పెట్టారు పోయినేడు. ఈ ఏడు వింత చూడండి, రంజాన్, మన బుధవారం ఒక్క వారంలోనే వస్తున్నాయి. నెలవంకను బట్టి ఒకట్రెండు రోజులు అటూ ఇటూ. కాబట్టి ఈసారి మంగళవారం నాకు పెద్ద వంటే. పగలు ఇక్కడ బయట ఎవరూ తినకూడదు, చట్టం. నా ఉపవాసం కూడా ఎవరికీ తెలీకుండా అందులో కలిసిపోతుంది. ప్రభువు చెప్పినట్టే కదా, ఉపవాసమున్నట్టు మనుషులకి కనపడొద్దని.

చెరువుగట్టు

అందరూ బాగా చదువుకున్నవాళ్లు. నేను భీమవరం పక్కన రొయ్యల చెరువుల మీద కాపలా, మేత పని చేస్తాను. ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి.

ఇంట్లో వెన్న, గుడ్లు, మాంసం మిగిలిపోయి, పాడవుతాయేమోనని వండుకోవడం ఎవరింట్లో జరుగుతుంది? మా పేటలో కోడికూర ఆదివారం. అది కూడా కూలి డబ్బులు అందితే. దాళ్వా నాట్లు అయిపోయాయి, ఇప్పుడు మా ఆడోళ్లకి పని పల్చన. సంక్రాంతికి చేసిన అప్పు తీరలేదు. మా అమ్మ పస్తున్న రోజులు లెక్కేస్తే ఎన్ని లెంట్‌లో. ఆవిడ్ని ఫాదర్ గారు ఎప్పుడూ ఏం మానేశావని అడగలేదు, అది ఆయన మంచితనం. కానీ పీఠం మీంచి "త్యాగం చెయ్యండి" అన్నప్పుడల్లా ఆవిడ పక్కకి చూసేది.

ఇంకోటి. శుక్రవారం మాంసం మానాలి, చేప తినొచ్చు అంటారు. ఈ డెల్టాలో చేప తినడం ఉపవాసమా? వెనామీ రొయ్య పెద్ద సైజుది పట్టినప్పుడు చెరువు యజమాని రొయ్యల ఇగురు తిని "శుక్రవారమండి, మాంసం ముట్టను" అన్నాడు నా ముందే. పులసలు వరద నీళ్లకి వస్తాయి గాబట్టి బతికిపోయాం. ఎండాకాలం వచ్చుంటే తపస్సు కాలం అంతా పులస పులుసే.

పాలకొల్లు_టీచరమ్మ

చెరువుగట్టు గారూ, కోపం ఎందుకొస్తుంది బాబూ. ఈ మాట ముందే ఎవరైనా అడగాల్సింది.

ఉపదేశిగారబ్బాయి

అన్నా, నిన్న రాత్రి మీ మాట మా నాన్నకి చదివి వినిపించాను. ఆయన చెప్పింది రాస్తున్నా.

మా ఆర్‌సీఎం శాసనం ప్రకారం ఒంటిపూట ఉపవాసం రెండే రోజులు: బూడిద బుధవారం, శుభ శుక్రవారం. అది కూడా 18 నిండి 60లో పడనివాళ్లకి. 1966లో ఆరవ పౌలు పోపు గారు పాత కఠిన నియమాలు సడలించినప్పుడు ఈ రెండు రోజులే మిగిల్చారు. రోగులకి, గర్భిణులకి, ఒళ్లొంచి కష్టం చేసేవాళ్లకి ఎప్పుడూ మినహాయింపు ఉంది. మీ అమ్మ గారికి ఏ నియమమూ వర్తించదు. మీ యజమానికి మాత్రం వర్తిస్తుంది, రొయ్య సాకు చెప్పి తప్పించుకుంటే అది ఆయనకీ దేవుడికీ మధ్య లెక్క.

నాన్న ఇంకా ఏమన్నారంటే, మత్తయి ఆరో అధ్యాయంలో మూడూ కలిసే ఉన్నాయి, దానం, ప్రార్థన, ఉపవాసం. దానం ముందు వస్తుంది. యెషయా 58లో ఉపవాసమంటే ఆకలిగొన్నవాడికి నీ రొట్టె పెట్టడమని దేవుడే చెప్పాడు. ఆయన ఉపదేశిగా ఉన్నప్పుడు మంగళవారం ప్రతి ఇంటికీ ఒక ఖాళీ డబ్బా ఇచ్చేవారు. రోజూ వండేటప్పుడు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి అందులో వెయ్యాలి. ఉన్నవాళ్లు రెండు గుప్పెళ్లు. లేనివాళ్లకి డబ్బా ఇచ్చేవారు కాదు, ఈస్టర్ ముందు శనివారం చీకటి పడ్డాక ఆ బియ్యం వాళ్ల గుమ్మంలో పెట్టించేవారు. ఎవరికి పెట్టారో పేటలో ఎవరికీ చెప్పేవారు కాదు.

నర్సాపురం_సహోదరుడు

ఈ డబ్బా సంగతికి నాకు ఏ అభ్యంతరం లేదు. దీనికి లెంట్ ఎందుకు, ఏడాదంతా చెయ్యొచ్చు అంటాను, అంతే.

రాజమండ్రి_లూథరన్

ఏడాదంతా చెయ్యొచ్చు అన్నది ఏడాదంతా ఎవరూ చెయ్యరు సహోదరా. అందుకే తేదీ పెట్టారు పెద్దవాళ్లు.

మలయాళీ_కోడలు_ఏలూరు

మా ఆయన కేరళ సిరో మలబార్, అంటే అక్కడి కాథలిక్ శాఖ. వాళ్లకి బుధవారం కాదు, సోమవారంతోనే మొదలవుతుంది, యాభై రోజుల నోము అంటారు. ఆదివారం సాయంత్రం పేతుర్త అని ఇంటిల్లిపాదీ కూర్చుని మాంసం కూరలతో భోంచేస్తారు. మా అత్తగారు ఆ రాత్రి గిన్నెలు తోమాక మాంసం వండే కుండ అటక మీద పెట్టేసి, ఈస్టర్ దాకా దించరు. తాగడం, చిందులు ఏమీ ఉండవు. తినేముందు ఈ యాభై రోజులు ఎవరెవరు ఏం మానేస్తారో పిల్లలతో సహా చెప్పాలి. మా ఆయన సిగరెట్ అంటారు ఏటా. ఈస్టర్ పూజ అవగానే గుడి గోడ పక్కన వెలిగిస్తారనుకోండి.

కాకినాడ_పీజీ_కుర్రాడు

నేను రీల్స్ మానేద్దామనుకుంటున్నా. నవ్వకండి.

తణుకు_చికెన్_సెంటర్

నవ్వట్లేదు. దానికంటే చికెన్ మానడమే తేలిక. కానీ నువ్వు చికెన్ మానొద్దు.

పాలకొల్లు_టీచరమ్మ (ఫిబ్రవరి 14)

అందరూ చెప్పినవన్నీ మా గుంపులో చదివాను. ఇలా అనుకున్నాం, తప్పుంటే దిద్దండి.

మంగళవారం సాయంత్రం ఆరున్నరకి మా పెరట్లో. ముందు ఆర్‌సీఎం వాళ్లు అయిదింటికి గుడికెళ్లి పాపసంకీర్తనం చేసుకుని వస్తారు, ఫాదర్ గారు కూర్చుంటానన్నారు. మిగతావాళ్లు ఇంటి దగ్గర ఎవరితో మాట పట్టింపు ఉందో వాళ్లతో మాట్లాడి రావాలి. ఇది నా షరతు. మా ఆడపడుచుతో నేనూ మాట్లాడాలి, ఆ సంగతి ఇక్కడ వద్దు. వచ్చాక రెండు పాటలు, ఆఖరున హల్లెలూయ పాట ఒకటి. బుధవారం నుంచి ఈస్టర్ జాగరణ దాకా గుడిలో హల్లెలూయ పాడరు కాబట్టి ఆ రాత్రి గొంతెత్తి పాడదామని పిల్లల కోరిక. తరవాత అట్లు. చికెన్ పెడదామా అని కుర్రాళ్లు అడిగారు, వద్దన్నాను. చందాలు వేసుకుని పెడితే వెయ్యలేనివాళ్లు రారు. అట్లకి ఖర్చేముంది, గుడ్లు ఎవరో ఒకరు ఇస్తారు.

చెరువుగట్టు గారూ, మీరూ మీ అమ్మగారూ భీమవరం నుంచి రాగలిగితే ఆవిడ్ని నా పక్కన కూర్చోబెట్టుకుంటాను. బియ్యం డబ్బాలు ఎవరికివ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో నాకు ఆవిడ చెప్పాలి. ఆ లెక్క నాకు తెలీదు.

తణుకు_చికెన్_సెంటర్

గుడ్లు నావి. రెండు అట్టలు మంగళవారం మధ్యాహ్నం బస్సులో పంపుతా. డబ్బులంటే పంపను.

మలయాళీ_కోడలు_ఏలూరు

కొలత రాసుకోండమ్మా: వంద గ్రాముల మైదాకి రెండు గుడ్లు, మూడొందల మిల్లీలీటర్ల పాలు, చిటికెడు ఉప్పు. అరగంట నాననివ్వండి. మన అట్ల పెనం మీదే పోయండి, మందంగా వద్దు, దిబ్బరొట్టె అయిపోతుంది.

చెరువుగట్టు

అమ్మకి చెప్పానండి. మంగళవారం రాత్రి మేత డ్యూటీ ఎవరికన్నా అప్పజెప్పి తీసుకొస్తాను. అట్లంటే మినపట్లు కావా అని అడుగుతోంది. మైదా పడదంట ఆవిడకి.

పాలకొల్లు_టీచరమ్మ

పిండి రుబ్బి ఉంచుతాను. ఆవిడకి మినపట్లే.

ఉపదేశిగారబ్బాయి

టీచరమ్మ గారూ, మర్చిపోయాను, ముఖ్యమైంది. పోయినేడు మట్టల ఆదివారం, అంటే ఈస్టర్ ముందు ఆదివారం నాటి మట్టలు అందరిళ్లలో సిలువ వెనకో, దేవుడి పటం వెనకో ఉంటాయి కదా. ఆదివారం పూజకి అందరూ తెచ్చి గుడిలో ఇమ్మనండి. మంగళవారం వాటినే కాల్చి బుధవారానికి బూడిద చేస్తారు. మా కోనసీమ చుట్టాలవి కొబ్బరి మట్టలు, తేలిగ్గా కాలతాయి. ఈత మట్టలైతే కాస్త కిరసనాయిలు పొయ్యాలంటారు కుర్రాళ్లు, వద్దు, వాసనొస్తుంది. ఎండబెట్టి కాల్చితే చాలు. కాల్చాక పల్చటి గుడ్డలో జల్లించాలి. నీళ్లు కలపొద్దు. బూడిదలో నీళ్లు పడితే క్షారం దిగి చర్మం మండుతుంది, పసిపిల్లల నుదుళ్లు జాగ్రత్త. తడి కావాలంటే నూనె ఒక్క చుక్క.

కువైట్_రాజోలు_చెల్లి

మా ఇంట్లో పోయినేడుది అమ్మ బీరువా మీద పెట్టింది, ఎలకలు సగం కొరికేశాయంట. పనికొస్తుందా అన్నయ్యా?

ఉపదేశిగారబ్బాయి

మిగతా సగం తెమ్మను చెల్లీ. కాలాలి, అంతే.